ఎరుపు కనిపించగానే ఆగండి: ఈపీ ల్యాబ్‌లో గుండె మ్యాప్ గీయడం ఎలా

క్యాథ్‌ల్యాబ్ టెక్నాలజీ చదివి కొత్తగా ఈపీ ల్యాబ్‌లోకి, అంటే దారి తప్పిన గుండె కరెంటుని క్యాథెటర్ అనే సన్నటి గొట్టంతో వెతికి, ఆ చోటుని కాల్చి సరిచేసే గదిలోకి, వచ్చిన పిల్లలు మొదటి వారంలోనే నన్నొక ప్రశ్న అడుగుతారు. "అక్కా, మ్యాప్‌లో ఎర్రగా కనిపించిన చోటే కదా డాక్టర్ గారు కాల్చేది?" కొన్ని కేసుల్లో అవును. చాలా కేసుల్లో కాదు. ఆ తేడా తెలియకుండా, గుండె లోపలి కరెంటు బొమ్మ గీసే మ్యాపింగ్ సిస్టమ్ ముందు కూర్చుంటే నష్టపోయేది టేబుల్ మీద పడుకున్న మనిషి. అందుకే ఇది రాస్తున్నాను. పదకొండేళ్ళుగా విజయవాడలో, హైదరాబాద్‌లో నేను చేస్తున్నది ఈ పనే. ఎక్కడ కాల్చాలో నిర్ణయించేది డాక్టర్. కానీ ఆయన ఏ బొమ్మ చూసి నిర్ణయిస్తారో ఆ బొమ్మ మన చేతుల్లో తయారవుతుంది.

ఒక కేసు పట్టుకుని చెప్తే సులువుగా ఉంటుంది. నలభై దాటిన ఒకావిడ. చిన్నప్పుడు గుండె పై గదుల మధ్య రంధ్రానికి ఆపరేషన్ అయింది. నాలుగు నెలలుగా దడ, మెట్లెక్కితే ఆయాసం. మందులు మార్చినా తగ్గలేదు. ఈసీజీలో నాడి నిమిషానికి 115, కదలకుండా అక్కడే ఉంది. పై గదులు నిమిషానికి 230 సార్లు కొట్టుకుంటున్నాయి, అందులో రెండింటికి ఒకటి చొప్పున కింది గదులకు దిగుతోంది. ఫ్లట్టర్, అంటే కరెంటు ఆగకుండా ఒకే దారిలో చుట్టూ తిరిగే జబ్బు. ఒక చుట్టుకి పట్టే సమయం 260 మిల్లీసెకన్లు.

మ్యాప్ అంటే చుక్కల ముగ్గు అనుకోండి. క్యాథెటర్ గుండె లోపలి గోడని తాకిన ప్రతిచోటా ఒక చుక్క పడుతుంది. ప్రతి చుక్కకీ మూడు విషయాలుంటాయి: అది ఎక్కడుంది, అక్కడికి కరెంటు ఎప్పుడొచ్చింది, ఎంత బలంగా వచ్చింది. చుక్కల మధ్య ఖాళీని రంగుతో నింపేది కంప్యూటర్: కరెంటు ముందు వచ్చిన చోటు ఎరుపు, చివర వచ్చిన చోటు ఊదా. అది ఊహించి నింపుతుంది. చుక్క తప్పు చోట పడితే ముగ్గంతా వంకర పోయినట్టే ఇక్కడా జరుగుతుంది. తేడా ఏమిటంటే, వంకర ముగ్గు చూడగానే తెలుస్తుంది. తప్పు మ్యాప్ మాత్రం ఒప్పు మ్యాప్ లాగానే అందంగా మెరుస్తూ ఉంటుంది.

ప్యాచ్‌లు, పరుపు, పేషెంట్

మా దగ్గర ఎక్కువగా వాడే మ్యాపింగ్ సిస్టమ్ కార్టో. టేబుల్ కింద మూడు కాయిల్స్ ఉన్న ప్యాడ్ ఒకటుంటుంది. అవి చాలా బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. క్యాథెటర్ కొనలోని సెన్సర్ ఆ క్షేత్రాన్ని బట్టి తానెక్కడుందో చెప్తుంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో టెక్నియాన్ పరిశోధకులు ఈ పద్ధతిని 1997లో ప్రచురించారు. ఎన్‌సైట్ అనే ఇంకో సిస్టమ్ పద్ధతి వేరు. ఒంటి మీది ప్యాచ్‌ల మధ్య చిన్న కరెంటు పంపి, దానికి ఎదురయ్యే అడ్డంకిని బట్టి స్థానం లెక్కగడుతుంది. ఇప్పటి ఎన్‌సైట్ అయస్కాంతాన్ని కూడా వాడుకుంటుంది. ఏదైనా సరే, మన పని ప్యాచ్‌తోనే మొదలవుతుంది.

కార్టో 3కి ఛాతీ మీద మూడు, వీపు మీద మూడు ప్యాచ్‌లు. వీపు ప్యాచ్‌లు అంటించే ముందు చర్మం పొడిగా ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. మే నెలలో వార్డు నుంచి వచ్చిన పేషెంట్ వీపు చెమటతో తడిసి ఉంటుంది. అలాగే అంటిస్తే రెండో గంటకి ప్యాచ్ అంచు లేస్తుంది, మ్యాప్ మొత్తం ఒక పక్కకి జరుగుతుంది. మగవాళ్ళకి వెంట్రుకలు తీయించండి. ఆడవాళ్ళ మెడలో మంగళసూత్రం ఉంటే ముందురోజే వార్డులో చెప్పి ఉంచాలి. టేబుల్ ఎక్కాక తీయమంటే వాళ్ళ మనసు కలుక్కుమంటుంది, బీపీ కూడా పెరుగుతుంది. మేం పసుపుతాడు కట్టుకుని రమ్మంటాం, గొలుసు ఇంటివాళ్ళ చేతికిస్తాం.

ఇంకొకటి ఎవరూ నేర్పరు. నడుము కింద చిన్న దిండు, మోకాళ్ళ కింద మెత్త పెట్టండి. రెండు మూడు గంటలు వెల్లకిలా పడుకోవాలి. నడుం నొప్పికి ఒక్కసారి ఒళ్ళు కదిపినా మ్యాప్ పోయినట్టే. పేషెంట్‌కి తెలుగులో, నెమ్మదిగా చెప్పండి: "అమ్మా, కదలాలనిపిస్తే ముందు చెప్పండి. దగ్గొస్తుంటే చెప్పండి. మీరు చెప్పేదాకా మేం ఆగుతాం." సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

అందరికీ ఒకటే గడియారం

ఊళ్ళో రథం వీధులన్నీ తిరుగుతుంది. ఏ ఇంటి ముందుకు ఎప్పుడొచ్చిందో రాయాలంటే అన్ని ఇళ్ళవాళ్ళూ ఒకే గడియారం చూసి చెప్పాలి. గుండెలో ఆ గడియారం రిఫరెన్స్. పై గదుల కేసుల్లో సాధారణంగా కరోనరీ సైనస్ అనే సిరలో పెట్టిన, సిగ్నల్ పట్టే పది ఎలెక్ట్రోడ్లున్న క్యాథెటర్‌ని, అంటే మనం సీఎస్ అని పిలిచేదాన్ని, రిఫరెన్స్‌గా తీసుకుంటాం. అక్కడ కదలకుండా నిలబడుతుంది కాబట్టి.

కానీ ఆ సిర ఎడమ పై గదికీ ఎడమ కింది గదికీ మధ్య గాడిలో ఉంటుంది. అందువల్ల రెండు గదుల సిగ్నల్స్ కూడా అందులో కనిపిస్తాయి. పది ఎలెక్ట్రోడ్లలో ఏ జతలో ఏట్రియం (పై గది) సిగ్నల్ పొడుగ్గా, పదునుగా ఉండి వెంట్రికల్ (కింది గది) సిగ్నల్ చిన్నదిగా ఉందో చూసి ఆ జతనే ఎంచుకోండి. అలవాటు కొద్దీ ప్రతి కేసులో ఒకే జత పెట్టేయకండి. ఈవిడ కేసులో సీఎస్ 5-6, అంటే ఐదు, ఆరు ఎలెక్ట్రోడ్ల జత, బాగా వచ్చింది. ఎంచుకున్నాక కనీసం ఇరవై బీట్లు ఊరికే కూర్చుని చూడండి. సిస్టమ్ గుర్తు పెట్టే గీత ప్రతి బీట్‌లో అదే శిఖరం మీద పడుతోందా? ఒక్కసారి వెంట్రికల్ మీద పడినా జత మార్చండి.

ఇది నేను కష్టం మీద నేర్చుకున్నాను. ఉద్యోగంలో నాలుగో ఏడాది. ఎడమ పై గదిలో టాకికార్డియా (అతివేగంగా కొట్టుకోవడం), మ్యాప్ బాగా నడుస్తోంది. మత్తు కాస్త తేలికై పేషెంట్ గట్టిగా దగ్గాడు. సీఎస్ క్యాథెటర్ సెంటీమీటరు లోపలికి జారింది. నేను ఎంచుకున్న జతలో వెంట్రికల్ సిగ్నల్ పెరిగి, గుర్తు దాని మీదకి దూకింది. నా కళ్ళు త్రీడీ బొమ్మ మీదున్నాయి. మూడు వందలకు పైగా పాయింట్లు (చుక్కలు) తప్పు గడియారంతో పడ్డాయి. రెండు పై గదుల మధ్య గోడ మీద చక్కటి ఎర్రటి మచ్చ తేలింది, చుట్టూ పసుపు, పచ్చ. ఎవరు చూసినా ఒకే చోట నుంచి పుడుతోందనే అంటారు. డాక్టర్ గారు క్యాథెటర్‌ని అక్కడికి తీసుకెళ్ళి, కాల్చే ముందు సిగ్నల్ చూసి ఆగారు. "ఇది ఎర్లీ కాదమ్మా" అన్నారు, అంటే కరెంటు ముందు వచ్చే చోటు కాదని. ఆ గోడ పక్కనే, కుడివైపు, పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దిగే ఒకే ఒక్క దారి ఉంటుంది. అది కాలితే మనిషికి జీవితాంతం పేస్‌మేకర్. మొదటి నుంచి మళ్ళీ మ్యాప్ చేశాం. ఆ పేషెంట్ ఇంకో నలభై నిమిషాలు ఆ టేబుల్ మీద పడుకోవాల్సి వచ్చింది. ఆ నలభై నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పటి నుంచి నేను రెండు పనులు తప్పకుండా చేస్తాను. మీరూ చేయండి. సీఎస్ పెట్టగానే త్రీడీ బొమ్మలో దాని నీడని సేవ్ చేసి ఉంచుతాను. క్యాథెటర్ ఆ నీడ నుంచి జరిగితే వెంటనే కనిపిస్తుంది. రెండోది, ప్రతి రెండు నిమిషాలకీ బొమ్మ వదిలేసి సిగ్నల్స్ స్క్రీన్ వైపు తిరుగుతాను. సీఎస్‌లో కరెంటు వెళ్ళే వరుస మొదట్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా, 260 ఇంకా 260గానే ఉందా అని చూస్తాను. మారితే టాకికార్డియానే మారిపోయిందని అర్థం. డాక్టర్‌కి గట్టిగా చెప్పి, కొత్త మ్యాప్ తెరవండి. పాత పాయింట్లలో కొత్తవి కలపకండి.

విండో: ఎక్కడ మొదలుపెట్టి లెక్కపెట్టాలి

ఈ భాగమే అందరికీ కష్టం, కాబట్టి కాస్త నిలబడి చెప్తాను.

బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ళు తిరుగుతుంటారు. వాళ్ళలో ముందున్నది ఎవరు, చివర ఉన్నది ఎవరు? ఎవరూ కాదు. మీరు ఎవర్ని "ఒకటి" అని లెక్క మొదలుపెడితే ఆవిడ మొదటిది, ఆవిడ పక్కనే ఉన్నావిడ చివరిది. చుట్టూ తిరిగే ఫ్లట్టర్ సరిగ్గా ఇదే. అందులో నిజమైన మొదలు లేదు. సిస్టమ్‌కి మీరు ఇచ్చిన విండో, అంటే ప్రతి బీట్‌లో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా లెక్కించాలో చెప్పే కాలపరిమితి, ఎక్కడ మొదలైతే అక్కడ ఎరుపు, ఎక్కడ ముగిస్తే అక్కడ ఊదా. ఎరుపూ ఊదా పక్కపక్కన తగిలే చోటుని "ఎర్లీ మీట్స్ లేట్" అంటాం. కార్టో అక్కడొక ముదురు గీత గీస్తుంది. కొత్తవాళ్ళు ఆ గీతే జబ్బు అనుకుంటారు. విండోని 40 మిల్లీసెకన్లు జరిపి చూడండి, గీత కూడా గోడ మీద మరోచోటికి జరుగుతుంది. జబ్బు ఉన్నచోటు జరగదు కదా. నా దగ్గరికి వచ్చే ప్రతి ట్రైనీ చేత పాత కేసు ఒకటి తెరిపించి ఈ పని చేయిస్తాను. ఒక్కసారి కళ్ళారా చూస్తే ఇక మర్చిపోరు.

చుట్టూ తిరిగేదని అనుమానం ఉంటే విండో వెడల్పు ఒక చుట్టు సమయంలో 90 శాతం దగ్గర పెట్టండి. ఈవిడకి 260లో 90 శాతం, 234. నేను రిఫరెన్స్‌కి ముందు 130, తర్వాత 104 పెట్టాను. చుట్టు కన్నా ఎక్కువ వెడల్పు పెడితే ఒకే విండోలో రెండు బీట్లు దూరతాయి. సిస్టమ్ ఒకచోట మొదటిదాన్ని, పక్కచోట రెండోదాన్ని పట్టుకుని రంగులు కలగాపులగం చేస్తుంది.

మొత్తం గది తిరిగాక చూడాల్సింది మన పాయింట్లు ఆ చుట్టులో ఎంత భాగాన్ని నింపాయని. ఈవిడ కుడి ఏట్రియంలో 260కి దాదాపు 230 దొరికింది, అంటే చుట్టు ఇదే గదిలో ఉంది. అదే 120 మాత్రమే దొరికితే మిగతా చుట్టు పక్క గదిలో తిరుగుతూ ఉండొచ్చు, లేదా ఇది చుట్టు కాక ఒకే చోట నుంచి పుట్టి పాకేది కావొచ్చు. అలా పుట్టే రకంలో ఎరుపు నిజంగానే ఎరుపు. దాని చుట్టూ రంగులు నీటిలో అలల్లా విస్తరిస్తాయి. ఆ చోట యూనిపోలార్ సిగ్నల్ (ఒక్క ఎలెక్ట్రోడ్ పట్టే సిగ్నల్) కూడా మొదటి నుంచే కిందికి దిగాలి. ముందు చిన్న మిట్ట కనిపించిందంటే కరెంటు ఇంకెక్కడి నుంచో అక్కడికి వస్తోందన్నమాట, ఇంకా వెతకాలి.

పాయింట్లు తీయడం, తీసేయడం

నేను నేర్చుకునేటప్పుడు ఒక్కో పాయింట్ చేత్తో తీసేవాళ్ళం, అరగంటకి ఎనభై, వంద. ఇప్పుడు ఇరవై ఎలెక్ట్రోడ్ల నక్షత్రం లాంటి క్యాథెటర్ తిప్పితే పది నిమిషాల్లో వేలల్లో పడతాయి. దానివల్ల పని తగ్గలేదు, పని రకం మారింది. అప్పుడు పాయింట్ తీయడం నైపుణ్యం. ఇప్పుడు తప్పు పాయింట్ తీసేయడం నైపుణ్యం.

ఊపిరికి గుండె పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి శ్వాస గేటింగ్ (ఊపిరి ఒకే దశలో ఉన్నప్పుడే పాయింట్ తీసుకునే ఏర్పాటు) ఆన్ చేయండి. క్యాథెటర్ గోడకి ఆనకుండా గది మధ్యలో తేలుతుంటే సిగ్నల్ బలహీనంగా వస్తుంది, సిస్టమ్ దాన్ని చచ్చిన కండరం అని రంగు వేస్తుంది. గోడ నుంచి లోపలికి ఉన్న పాయింట్లు ఒప్పుకోకండి. కుడి పై గదికీ కుడి కింది గదికీ మధ్యనున్న ట్రైకస్పిడ్ కవాటం దగ్గర వెంట్రికల్ సిగ్నల్ పెద్దదిగా ఉంటుంది, గుర్తు దాని మీద పడుతుంది. ఈవిడ లాగా రెండుకి ఒకటి దిగే ఫ్లట్టర్‌లో ఒక ఏట్రియం బీట్ మీద వెంట్రికల్ వచ్చి పడుతుంది, పక్క బీట్ ఖాళీగా ఉంటుంది. ఖాళీ బీట్ పాయింట్లే ఉంచుకోండి.

రంగు నింపే దూరం నేను తక్కువ పెడతాను, ఐదు మిల్లీమీటర్ల దగ్గర. బొమ్మలో అక్కడక్కడా ఖాళీలు మిగులుతాయి, చూడ్డానికి బాగుండదు. కానీ ఆ ఖాళీ "ఇక్కడికి మేం వెళ్ళలేదు" అని నిజం చెప్తుంది. "సార్, పక్క గోడ కింద ఇంకా చూడలేదు" అని మీరు చెప్పగలుగుతారు.

ఇక స్కార్, అంటే మచ్చకట్టిన కండరం. ఏట్రియంలో 0.5 మిల్లీవోల్టుల కన్నా తక్కువ ఉంటే దెబ్బతిన్న కండరం అనుకుంటాం. వెంట్రికల్‌లో 1.5 పైన ఉంటే ఆరోగ్యమైనది. ఈవిడ కుడి ఏట్రియం పక్క గోడ మీద పై నుంచి కిందికి ఒక ఎర్రటి పట్టీ కనిపించింది. అది చిన్నప్పుడు సర్జన్ గుండె తెరిచిన కోత. వోల్టేజ్ మ్యాప్‌లో ఎరుపు అంటే తక్కువ బలం, టైమ్ మ్యాప్‌లో ఎరుపు అంటే ముందు. రెండూ తెరిచి పెట్టుకుని ఏది ఏదో మర్చిపోతే ప్రమాదం. ఆ పట్టీ పొడుగునా ప్రతి బీట్‌కీ రెండేసి సిగ్నల్స్, మధ్యలో నిశ్శబ్దం. కోతకి ఆ పక్కన ఒకసారి, ఈ పక్కన ఒకసారి కరెంటు వెళ్తోందన్నమాట. ఈ పాయింట్లకి ఒక సమయం అంటూ ఉండదు. బలవంతంగా ఒకటి ఎంచి రంగు వేయించకండి. డబుల్ పొటెన్షియల్ అని ట్యాగ్ పెట్టి వదిలేయండి. ఆ ట్యాగ్‌లు వరుసగా పేరిస్తే కోత గీత దానంతట అదే కనిపిస్తుంది. రెండు సిగ్నల్స్ మధ్య దూరం కిందికి వచ్చేకొద్దీ తగ్గి, కోత ముగిసే చోట కలిసిపోతాయి. ఈవిడకి అది కింది పెద్ద సిరకి సుమారు రెండు సెంటీమీటర్ల పైన. కోత కింది కొసకీ ఆ సిరకీ మధ్య ఇరుకు సందులో సిగ్నల్ వెడల్పుగా, ముక్కలు ముక్కలుగా, నీరసంగా ఉంది. కరెంటు అక్కడ ఈడ్చుకుంటూ వెళ్తోంది.

అడిగి తెలుసుకోవడం

బొమ్మ ప్రకారం కరెంటు కోత చుట్టూ తిరుగుతోంది. కానీ ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్ళలో కూడా మామూలు ఫ్లట్టర్, అంటే ట్రైకస్పిడ్ కవాటం చుట్టూ తిరిగేది, తరచుగా ఉంటుంది. రెండింటిలో ఏది? దీనికి గుండెనే అడగాలి. దాన్ని ఎంట్రెయిన్‌మెంట్ అంటాం.

ఒకచోట క్యాథెటర్ ఆనించి, చుట్టు కన్నా 20 మిల్లీసెకన్లు వేగంగా, అంటే 240 దగ్గర పేస్ చేస్తారు, అంటే క్యాథెటర్ ద్వారా చిన్న కరెంటు దెబ్బలిచ్చి గుండెని కొట్టిస్తారు. సీఎస్ సిగ్నల్స్ కూడా 240కి చేరాయో లేదో మీరు చూసి చెప్పాలి. చేరకపోతే పేసింగ్ పట్టుకోలేదు, ఆ కొలతకి అర్థం లేదు. పేసింగ్ ఆపాక అదే ఎలెక్ట్రోడ్ దగ్గరికి మొదటి బీట్ తిరిగి రావడానికి ఎంత పట్టిందో కొలవండి. చుట్టు సమయం కన్నా 30 మిల్లీసెకన్ల లోపు ఎక్కువైతే ఆ చోటు చుట్టులో ఉన్నట్టు. ట్రైకస్పిడ్ దగ్గర ఈవిడకి 335 వచ్చింది, 75 ఎక్కువ. కోత కింద సందులో 272, అంటే 12 ఎక్కువ. దోషి ఆ సందు.

ఒక జాగ్రత్త: పేస్ చేస్తే టాకికార్డియా ఆగిపోవచ్చు, ఏఎఫ్‌గా, అంటే పై గదులు లయ లేకుండా వణికే జబ్బుగా, మారిపోవచ్చు. అందుకే మ్యాప్ పూర్తయి సేవ్ అయ్యాకే పేసింగ్.

కాల్చే ముందు మనం గుర్తుచేయాల్సింది ఫ్రెనిక్ నరం. అది కుడి ఏట్రియం పక్క గోడకి ఆనుకునే దిగుతుంది, ఊపిరి తీయించే డయాఫ్రమ్ కండరాన్ని నడిపేది అదే. ఎక్కువ అవుట్‌పుట్‌తో పేస్ చేస్తే పొట్ట పైభాగం ఎగిరిందా, అక్కడ కాల్చకూడదు. ఎగిరిన ప్రతిచోటా ట్యాగ్ పెట్టండి. ఈవిడకి నరం పైన దొరికింది, కింది సందు ఖాళీ. డాక్టర్ గారు కోత కొస నుంచి సిర దాకా గీతలా కాల్చుకుంటూ వచ్చారు. నాలుగో బర్న్‌లో 260 కాస్తా 275, 290 అయింది, ఆగింది, సైనస్ (గుండె మామూలు లయ) వచ్చింది. ల్యాబ్‌లో ఎవరూ మాట్లాడలేదు. గీత పూర్తి చేశారు. రేపు మామూలు ఫ్లట్టర్ రాకుండా ట్రైకస్పిడ్ దగ్గరా ఒక గీత వేశారు. అరగంట ఆగి, రెండు గీతలకీ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కరెంటు దాటడం లేదని పేస్ చేసి చూశాం.

మిగతా కేసుల్లో సూత్రం ఇదే, పట్టింపులు వేరు. ఏఎఫ్‌లో 1998లో బోర్డో డాక్టర్లు చూపించినట్టు ఊపిరితిత్తుల సిరల దగ్గరే ఎక్కువగా నిప్పు పుడుతుంది కాబట్టి, అక్కడ సిరల ముఖద్వారాలు సరిగ్గా గీయడం, గీతలో ఖాళీ లేకుండా చూడడం మన పని. అదనపు బీట్ల కేసుల్లో మత్తు ఎక్కువైతే బీట్లే రావు, మ్యాప్ చేయడానికి ఏమీ ఉండదు. ఆ సంగతి ముందే మత్తు డాక్టర్‌తో మాట్లాడండి. వీటీలో, అంటే కింది గదుల నుంచి పుట్టే దడలో, బీపీ పడిపోతుంటే సైనస్‌లోనే స్కార్ మ్యాప్ చేస్తాం. ఏ కేసైనా హిస్, అంటే కింది గదులకు కరెంటు దిగే ఆ ఒక్క దారి, దొరికిన చోట పసుపు ట్యాగ్ ముందు పెట్టండి, తర్వాతే మిగతావి.

కేసు అయ్యాక స్టడీ సేవ్ చేసి లేచి వెళ్ళిపోకండి. రిఫరెన్స్ ఏ జత, విండో ఎంత, ఏ పాయింట్లు ఎందుకు తీసేశారు, నరం ఎక్కడ తగిలింది, ఎంట్రెయిన్‌మెంట్ కొలతలు ఎన్ని, ఇవన్నీ అదే ఫైల్‌లో నోట్ రాయండి. ఈవిడ ఫైల్‌లో నేను రాసిన చివరి వాక్యం: "ఎడమ ఏట్రియం మ్యాప్ చేయలేదు." మళ్ళీ దడ వస్తే ఆ ఫైల్ తెరిచేవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.